మోకాలి దాకా మడుగు

ఇస్త్రీ ఆయన పొద్దున్నే ఇంటి ముందుగదిలో షాపు తెరవగానే చేసే మొదటి పని తన భార్య ప్యాంటు ఇస్త్రీ చెయ్యడం. మిగతా బట్టలన్నీ ఆ తర్వాతే. ఊళ్ళో ఎంత పెద్దమనిషి చొక్కా అయినా సరే, అప్పటిదాకా గంపలో నలుగుతూ పడుండాల్సిందే. వేలు తడి చేసి పెట్టె అడుక్కి తాకించి, చుయ్యిమన్న చప్పుడు విని, ఆ నూలు ప్యాంటుని బల్ల మీద పరిచి నడుం నుంచి మడమ దాకా ఒక్క గీత లాగేవాడు. ఆ గీతతో ఉల్లిపాయలు తరగొచ్చు, అంత పదును. అంత చేసీ ఏం లాభం? ఆవిడ అది తొడుక్కుని వీధి మలుపు తిరిగేలోపే మోకాలి దాకా తడిసి ముద్దయిపోయేది.

పదకొండేళ్ళుగా ఇదే వరస. ఊరి చివర మడుగులో నీళ్ళు ఎంత లోతుంటే ఆవిడ బట్టలు అంతవరకూ తడిగా ఉండేవి. వానల్లో తొడల దాకా, చలికాలం మోకాలి దాకా, ఎండల్లో చీలమండ మీద నాలుగు వేళ్ళు. ఎప్పుడో ఒకసారి గాలపు దారం కాళ్ళకి చుట్టుకుని కొట్టుకుంటున్న కొంగని విడిపించడానికి ఆవిడ మడుగులోకి దిగింది. కొంగ ఎగిరిపోయింది, ఈవిడ గట్టెక్కింది, ఆ తడి మాత్రం ఇక ఆరలేదు. బట్టలు మారిస్తే మార్చినవీ తడిసేవి. దాంతో ఇంట్లో గడప దగ్గర గోనెపట్టా, మంచం పక్కన రబ్బరు చాప, ఆవిడ పనిచేసే లైబ్రరీలో బల్ల కింద వెడల్పాటి తొట్టి వెలిశాయి. ఆవిడ కూర్చునే వైపు బీరువాల్లో అడుగు అరలు ఖాళీగా వదిలేసేవాళ్ళు. చెప్పులు మాత్రం ఏడాదికి మూడు జతలు కావాల్సొచ్చేవి.

"ఇవాళైనా ఆ గీత సాయంత్రం దాకా నిలబెట్టు తల్లీ," అనేవాడు ఆయన ప్యాంటు చేతికిస్తూ.

"మోకాలి పైన మీ గీత భద్రంగానే ఉంటుంది కదండీ. కింద సగం మడుగుది," అనేది ఆవిడ.

ఆ మాటకి ఆయన మొహం ముడుచుకునేది. ముడత అంటేనే పడని మనిషి. తడి అంటే అసలే పడదు. ఆయన్ని ఒక్క నిమిషం కుదురుగా నిలబెట్టడం ఎవరి వల్లా అయ్యేది కాదు. బల్ల దగ్గర కూడా ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుతూనే ఉండేవాడు. ఇస్త్రీ చేస్తూ చేస్తూ వీధిలోకి తొంగి చూసేవాడు, ఎవరో పిలిచినట్టు.

మడుగుని కనిపెట్టుకుని ఉండే జట్టులో ఆవిడ కాక ఎనిమిది మంది. వాళ్ళకి పెద్ద, మూల మీద మందుల షాపాయన. చెత్త ఏరడం, చేపల వలలు విప్పడం, ఆదివారాలు బళ్ళ పిల్లల్ని, వాళ్ళ అమ్మానాన్నల్ని తీసుకెళ్ళి మడుగు గురించి చెప్పడం వాళ్ళ పని. చెప్పేది ఎక్కువగా లైబ్రరీ అక్కే, అంటే ఇస్త్రీ ఆయన భార్యే. ఇంట్లో ఇస్త్రీ బల్ల మీంచి దొంగిలించిన పాత దుప్పటి ఒకటి సంచీలో ఉండేది. ఉత్త చెక్క మీద చెంబెడు నీళ్ళు పోసి చూపించేది, నీళ్ళన్నీ పిల్లల కాళ్ళ మీదికి పారేవి. అదే చెక్క మీద దుప్పటి మడతపెట్టి మళ్ళీ చెంబెడు పోసేది, చుక్క కింద పడేది కాదు. మడుగు ఊరికి ఆ దుప్పటి లాంటిది, అంతే. మీ బావుల్లో నీళ్ళు ఇక్కడినుంచి పిండుకున్నవే, అనేది. పిల్లలు దుప్పటి పిండడానికి కొట్టుకునేవాళ్ళు.

జట్టంతా ఆవిణ్ణి అక్కా అని పిలిచేవాళ్ళు కాబట్టి ఇస్త్రీ ఆయన ఎనిమిది మందికీ బావగారైపోయాడు. అందులో ఇద్దరు ఆయనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు.

నీళ్ళు కొలవడానికి మడుగులో పాతిన కొయ్య ఏనాడో పుచ్చిపోయింది. కొత్తది పాతలేదు, అవసరం ఏముంది? రోజూ తొమ్మిదికి ఇరవై నిమిషాలు తక్కువలో అక్క మందుల షాపు ముందునుంచి లైబ్రరీకి వెళ్ళేది. మందులాయన కౌంటరు మీంచి వంగి, "అక్కా, కాస్త ఆగు," అని, తడి ఎంతవరకూ ఉందో చూసి నోటుపుస్తకంలో రాసుకునేవాడు. చూడ్డానికి వీలుగా ప్యాంటు పక్కకుట్టు మీద రెండేసి అంగుళాలకి ఒక ఎర్రదారం ముడి ఉండేది. ఆ ముడులు వేసింది ఇస్త్రీ ఆయనే. సణుక్కుంటూనే వేశాడు, కానీ ఒక్క ముడీ అటూ ఇటూ కాకుండా వేశాడు.

మడుగు దగ్గర ఆయన చెయ్యి వేసి పని చేసింది పదకొండేళ్ళలో ఒక్కసారే. ఏడేళ్ళ కిందట జట్టువాళ్ళు గట్టు వెంట మొక్కలు నాటుదామనుకున్నారు. పచ్చగా ఉన్నదల్లా మంచిదే అనుకున్నారు పాపం. ఎవరో ఊరికే ఇచ్చిన జామాయిల్ మొక్కలు రెండు వందల పన్నెండు వచ్చి పడ్డాయి. భార్య మర్చిపోయిన టోపీ ఇవ్వడానికి వెళ్ళిన ఇస్త్రీ ఆయన వాళ్ళు వంకరటింకరగా తవ్వుతున్న గుంతలు చూసి తట్టుకోలేకపోయాడు. "ఏంటయ్యా ఇది, కోళ్ళు గీరినట్టు," అని చొక్కా విప్పి, తాడు కట్టి, గట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క గీతలో మొత్తం తానే నాటాడు. చీకటి పడేదాకా ఇంటికి రాలేదు.

అవి పెరిగాయి చూడండి, మూడేళ్ళకే ఇంటికప్పంత, ఏడేళ్ళకి తలెత్తి చూస్తే మెడ పట్టేసేంత. ఆయన రోజూ సాయంత్రం షాపు కట్టేసి గట్టు మీదికి వెళ్ళి, తన చెట్ల వరస ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక కన్ను మూసి చూసుకుని వచ్చేవాడు. జన్మలో చేసిన పనుల్లో సాయంత్రానికి నలగనిది అదొక్కటే మరి. చెట్లకీ నీళ్ళకీ మధ్య నిలువెత్తు జమ్ము గడ్డి. దాని అవతలికి ఒక్కనాడూ తొంగి చూడలేదు. చూడాలనీ అనిపించలేదు.

ఎండలు ముదిరే ముందు జట్టుకి ఒక కట్టుబాటు ఉంది. నలభై రోజులు ఎవరూ మడుగులో అడుగు పెట్టరు. నీటికోళ్ళు జమ్ము ఆకులతో తేలే గూళ్ళు కట్టుకుని గుడ్లు పెట్టే కాలం అది. దాన్ని గుడ్ల సెలవు అనేవాళ్ళు. ఆ నలభై రోజులూ మడుగు సంగతి తెలిసేది ఒక్క అక్క ప్యాంటు వల్లే. తడి రెండో ముడి కిందికి దిగితే మందులాయన కాలవ లస్కరుకి కబురు పెట్టేవాడు, లస్కరు తూము ఎత్తి మడుగుకి నీళ్ళు వదిలేవాడు. ప్రతి ఏడూ సాఫీగా జరిగిపోయే పని.

ఆ ఏడు గుడ్ల సెలవు మొదలైన వారానికే తడి దిగడం మొదలుపెట్టింది. నిజానికి మూడేళ్ళుగా ఎండల్లో ఏటా ఒక ముడి చొప్పున దిగుతూనే ఉంది. ఇస్త్రీ ఆయనకి అది పండగలా ఉండేది. "మా ఆవిడకి నయమవుతోందండీ," అని బట్టలు తెచ్చిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. "నిన్న సాయంత్రం వచ్చేసరికి గీత చీలమండ దాకా అలాగే ఉంది. ఈ పదకొండేళ్ళలో అంత చక్కగా ఇంటికి రావడం అదే మొదలు."

కానీ ఆవిడకి ఏదో అయింది. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేది. కూర్చున్న మనిషి లేచి నిలబడేది, నిలబడ్డ మనిషి కిటికీ దాకా వెళ్ళి వచ్చేది. చెంబు తర్వాత చెంబు నీళ్ళు తాగేది, అయినా పెదాలు పగిలి నెత్తురు కనిపించేది. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని, "అన్నం గొంతు దిగట్లేదండీ," అని లేచిపోయేది. గదిలో అటూ ఇటూ తిరుగుతూ మాటిమాటికీ వంగి ప్యాంటు అంచు వేళ్ళతో నలిపి చూసుకునేది.

"ఏమిటే ఆ తిరుగుడు? నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అన్నాడాయన ఒకరోజు.

"ఆరిపోతోందండీ," అంది ఆవిడ. గొంతు బొంగురుపోయి ఉంది.

"ఆరితే ఏం? ఊళ్ళో ఆడవాళ్ళందరూ పొడిగానే ఉన్నారు కదా."

ఆవిడ ఆయన వైపు చూసిన చూపు ఎలాంటిదంటే, కొట్టినా బాగుండేది. ఆ పూటంతా ఆయన ఇస్త్రీ పెట్టె పట్టుకుని ఒక్క చొక్కా పూర్తి చెయ్యలేకపోయాడు. ఒక కాలరు మాడ్చాడు కూడా. ఇరవై ఏళ్ళలో అది రెండో కాలరు.

మర్నాడు పొద్దున్న ఏం బుద్ధి పుట్టిందో, గీత లాగాక పక్కనున్న స్ప్రే సీసా తీసి, ప్యాంటుకి అడుగు నుంచి మూడో ముడి దాకా నీళ్ళు చిమ్మాడు. చేత్తో సర్ది, ఎక్కడా చుక్కలు కనబడకుండా సమంగా పాకించాడు. పనిమంతుడు కదా, అచ్చం మడుగు తడిలాగే వచ్చింది. ఆవిడ సంతోషపడాలి, అంతే ఆయనకి కావాల్సింది. దొంగతనం చేస్తున్నానన్న ఆలోచనే రాలేదు.

ఆవిడ తొడుక్కుని కిందికి చూసుకుంది. ఒక్క క్షణం మొహం వెలిగింది. వెంటనే ఏదో అర్థం కానట్టు నుదురు ముడిపడింది. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

"అక్కా, కాస్త ఆగు," అన్నాడు మందులాయన. వంగి చూసి, "మూడో ముడి. అమ్మయ్య, నిన్న భయపెట్టావు కదా. పైన ఎక్కడో వాన పడ్డట్టుంది," అని నోటుపుస్తకంలో రాసుకున్నాడు. లస్కరుకి కబురు పెట్టడానికి తీసిన ఫోను మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

అలా పదహారు రోజులు. రోజూ పొద్దున్న సీసా చుస్సు చుస్సు. రోజూ నోటుపుస్తకంలో మూడో ముడి. మధ్యాహ్నానికల్లా లైబ్రరీలో ఆవిడ బట్టలు ఎండి అప్పడంలా పెళపెళలాడేవి, బల్ల కింద తొట్టి పొడిగా ఉండేది. పదకొండేళ్ళలో ఆ తడి పూటకొకలా ఉన్నది లేదు. పొద్దున్న రావడం, మధ్యాహ్నం పోవడం ఏమిటి? మడుగు తనని వదిలేస్తోందనుకుంది ఆవిడ. మడుగు బాగానే ఉంది, తనకే ఏదో రోగం, ఇక తన వల్ల జట్టుకి ఉపయోగం లేదు అనుకుంది. ఎవరికి చెప్పుకుంటుంది ఈ మాట? మొగుడికి చెబితే పండగ చేసుకుంటాడు. అందుకని గుట్టుగా దిగమింగుకుంది. ఇటు ఈయనా తన సీసా సంగతి గుట్టుగానే ఉంచాడు. ఒకే కప్పు కింద ఇద్దరు మనుషులు, ఇద్దరి కడుపులోనూ చెరో మాట, మధ్యలో మడుగు ఎండిపోతోంది.

పదహారో రోజు మధ్యాహ్నం కాలవ లస్కరు తన ఖాకీ జత మడిచి చంకలో పెట్టుకుని షాపుకి వచ్చాడు.

"ఏం బావగారూ, ఈ ఏడు మీవాళ్ళకి నీళ్ళు అక్కర్లేదా?" అన్నాడు బల్ల మీద ఖాకీలు పడేస్తూ. "ఏటా ఈపాటికి రెండుసార్లు తూము ఎత్తేవాణ్ణి. శుక్రవారం కాలవ కట్టేస్తున్నారు, మరమ్మత్తులు. ఆ తర్వాత నెల దాకా చుక్క రాదు. కావాలంటే ఇప్పుడే అడగమనండి."

ఇస్త్రీ ఆయన చేతిలో పెట్టె ఆగింది. ఆ రోజు బుధవారం. ఆయన ఇంకా ఏదో అనబోయేలోపు లైబ్రరీ నుంచి ఫోను వచ్చింది. అక్క పుస్తకాలు సర్దుతూ సర్దుతూ నేల మీద కూలబడిపోయిందట. తేరుకుంది, భయం లేదు, కానీ ఇంటికి తీసుకెళ్ళండి, ఒళ్ళు కాలిపోతోంది అన్నారు.

ఆయన బయల్దేరాడు. ఎక్కడికి బయల్దేరాడో ఆయనకే తెలీదు. కాళ్ళు లైబ్రరీ వైపు రెండు వీధులు పరిగెత్తి, అక్కడ ఆగి, గిర్రున తిరిగి మడుగు గట్టుకి పట్టుకెళ్ళాయి. చెట్ల వరస దాటాడు. ఏడేళ్ళలో మొదటిసారి జమ్ము రెండు చేతులా తప్పించి అవతలికి వెళ్ళాడు.

నీళ్ళు లేవు. కనుచూపు మేరా బురద ఎండి పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. నడిమధ్యలో నాలుగు దుప్పట్లంత మేర మాత్రం ఒక నల్లటి తడి మిగిలింది. తేలాల్సిన గూళ్ళు బురద మీద ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి. ఒక దాంట్లోంచి గుడ్డు ఒకటి దొర్లి కిందపడి పగిలింది. ఆ గూటిలోనే నీటికోడి ఇంకా కూర్చుని ఉంది. మనిషిని చూసినా లేవలేదు. నోరు తెరుచుకుని వగరుస్తోంది గానీ గుడ్లు వదల్లేదు.

ఆయన కాళ్ళ దగ్గర నెర్రెలో ఏదో కనిపించింది. దారం అనుకుని వంగి లాగాడు. దారం కాదు, వేరు. వెంట్రుక అంత సన్నగా ఉన్న వేళ్ళు నెర్రె నెర్రెలోనూ వందలు, వేలు, అన్నీ ఆ మిగిలిన తడి వైపే పోతున్నాయి. ఒక వేరు పట్టుకుని వెనక్కి నడిచాడు. నడుస్తుంటే అది లావెక్కుతూ వచ్చింది, పురికొస అంత, చిటికెన వేలంత, మణికట్టంత. జమ్ము దాటి, గట్టెక్కి, ఆయన చేతుల్తో ఆయన నాటిన చెట్టు మొదట్లో ఆగింది. గాలికి పైన ఆకులు నిగనిగలాడుతూ కదిలాయి. ఊరంతా ఎండకి వాడిపోయి ఉంటే అవి మాత్రం ఇప్పుడే స్నానం చేసొచ్చినట్టున్నాయి. ఇస్త్రీ ఆయనకి సిగ్గేసింది. ఒళ్ళంతా పాకింది ఆ సిగ్గు, చెమటలా.

లైబ్రరీలో ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆయన ఆవిడ ఎదురుగా నేల మీద చతికిలబడి, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేశాడు. సీసా సంగతి, పదహారు రోజుల సంగతి, వేళ్ళ సంగతి, శుక్రవారం కాలవ కట్టేసే సంగతి.

ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు రావాలి గానీ రాలేదు, అంత ఎండిపోయి ఉంది.

"నాకే ఏదో అయిందనుకున్నాను," అంది. "చూస్తే తడి ఉంది, ఒంట్లో లేదు. మడుగు నన్ను వద్దనుకుందేమోనని ఎంత ఏడ్చానో మీకు తెలుసా?"

"తిట్టు. ఏమన్నా పడతాను."

"తిట్టడానికి గొంతు తడి లేదు. ముందు లస్కరుని పట్టుకోండి, పోండి." ఆయన లేచాడు. ఆవిడ ఆయన చొక్కా అంచు పట్టుకుని ఆపింది. "ఆ చెట్ల సంగతి నాకు తెలుసండీ. మూడేళ్ళుగా తెలుసు. జామాయిల్ ఎంత తాగుతుందో ఇక్కడ పుస్తకాల్లో చదవలేదా నేను? చెబుదామనుకునే లోపు మీరు సాయంత్రం గట్టు మీదికి బయల్దేరేవారు, మొహం నిండా నవ్వుతో. నా మడుగు దగ్గరికి మీరొచ్చింది ఆ చెట్ల కోసమే. అవి వద్దంటే మీరు మళ్ళీ రారని భయపడ్డాను. నా తప్పూ ఉంది ఇందులో."

ఇస్త్రీ ఆయన కాలవ వైపు పరిగెత్తాడు.

లస్కరు తూము ఎత్తాడు. బుధవారం సాయంత్రం నుంచి శుక్రవారం పొద్దుటి దాకా నీళ్ళు మడుగులోకి పారాయి. మందులాయన నోటుపుస్తకంలో పదహారు మూడో ముళ్ళనీ కొట్టేసి, ఆ పక్కన ఎర్రసిరాతో 'అబద్ధం' అని రాశాడు. తర్వాత జట్టంతా మందుల షాపులో మూగారు. నీళ్ళు వచ్చాయి సరే, ఉంటాయా? పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చి ఈదడానికి ఇంకా రెండు వారాలు పడుతుంది. చెట్లు ఉంటే ఈ నీళ్ళు పది రోజులకి మించవు.

"చెట్లు కొట్టెయ్యాలి," అన్నాడు ఇస్త్రీ ఆయన.

అందరూ ఆయన వైపు చూశారు. మందులాయన తల గోక్కున్నాడు. "చెట్లు కాపాడండని ఊరంతా చెప్పుకు తిరిగే జట్టు మనది. ఇప్పుడు మనమే నరికితే మొహం ఎక్కడ పెట్టుకుంటాం బావగారూ? పిల్లలకి పాఠం చెప్పేదే ఆ నీడలో కదా. కావాలంటే నరకడానికి అనుమతి కాగితం నేను రేపే తెప్పిస్తాను. కానీ గుడ్ల సెలవు. గొడ్డలి చప్పుడుకి ఉన్న కోళ్ళు కూడా గూళ్ళొదిలి పోతాయి."

"గొడ్డలి వద్దు. చేతిరంపం. చప్పుడు కాకుండా కోస్తాను. తాడు కట్టి రోడ్డు వైపుకి మెల్లగా దించుదాం. నాటింది నేను, నేనే కోస్తాను. మీరు తాడు పట్టుకోండి చాలు."

మర్నాడు షాపు తలుపు మీద 'వారం సెలవు' అని అట్టముక్క వేలాడింది. ఆ వారం ఊరంతా ముడతల బట్టల్లో తిరిగింది. బ్యాంకు మేనేజరు చొక్కా నలిగి వాడిన తమలపాకు తీరులో వేలాడింది. పెళ్ళిచూపులకి వెళ్ళాల్సినవాడు వెళ్ళకుండా ఆగిపోయాడని కూడా చెప్పుకున్నారు, నిజమెంతో తెలీదు. గట్టు మీద మాత్రం ఎనిమిది మంది నోళ్ళు మూసుకుని పనిచేశారు. మాట లేదు, కేక లేదు, సైగలే. రంపానికి నూనె పూసి, పైన గుడ్డ చుట్టి, ఆయన ఒక్కొక్క చెట్టూ కోశాడు. ఆయనలాంటి నిలకడలేని మనిషి పొద్దంతా మోకాళ్ళ మీదే ఉండి కొయ్యడం చూసి మందులాయనకి నోట మాట రాలేదు, అంటే ఎలాగూ మాట్లాడకూడదనుకోండి. మొదటి చెట్టు ఒరిగినప్పుడు ఆయన ఏడ్చాడు. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుని రెండో దానికి తాడు కట్టాడు. వారం సెలవు కాస్తా పదమూడు రోజులైంది.

తొమ్మిదో రోజు పొద్దున్న ఆయన రంపం భుజాన వేసుకుని బయల్దేరుతుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. స్ప్రే సీసా అటక మీదెక్కి వారం దాటింది. నెర్రెలు తాగినంత తాగాక మడుగులో నీళ్ళు ఇప్పటికి నిలిచినట్టున్నాయి, ఆవిడ కాళ్ళ కింద గోనెపట్టా మీద రెండు తడి పాదాల గుర్తులు ఉన్నాయి. ఆయన వంగి ప్యాంటు అంచు పట్టుకుని పిండాడు. ఆకుపచ్చ నీళ్ళు కారాయి, జమ్ము వాసనతో. రంపం పక్కన పెట్టి ఆయన అక్కడే గోడకానుకుని కూర్చున్నాడు. ఆవిడ ఆయన తల మీద చెయ్యి వేసింది.

"ఇంకా అరవై చెట్లున్నాయి, లేవండి," అంది. గొంతు తిరిగొచ్చింది.

ఆ ఏడు ఇరవై మూడు నీటికోడి పిల్లలు మడుగులో ఈదాయి. గుడ్ల సెలవు అయ్యాక మొదటి ఆదివారం నడకకి లైబ్రరీ అక్క దుప్పటి సంచీ భర్త చేతికిచ్చి, "ఇవాళ మీరు చెప్పండి," అంది. ఆయన పారిపోవడానికి అటూ ఇటూ చూశాడు గానీ అప్పటికే నలభై మంది పిల్లలు చుట్టూ మూగారు. చెక్క మీద చెంబెడు నీళ్ళు పోశాడు, అందరి కాళ్ళూ తడిశాయి. దుప్పటి పరిచి మళ్ళీ పోశాడు. తన పాత దుప్పటి మీద ఇన్నేళ్ళూ ఏం పాఠం జరుగుతోందో ఆయన చూడ్డం అదే మొదటిసారి.

గట్టు వెంట మొద్దులు ఇంకా తాడు కట్టినట్టు వరసగా ఉన్నాయి. జామాయిల్ మొండిది కదా, ప్రతి మొద్దుకీ పక్కలనుంచి ఎర్రటి చిగుళ్ళు పుట్టుకొస్తున్నాయి. రెండు జడల పిల్ల ఒకతె ఒక మొద్దు ఎక్కి నిలబడి అడిగింది.

"ఇన్ని చెట్లు ఎవరు కొట్టేశారు?"

జట్టువాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"నేనేనమ్మా," అన్నాడు ఇస్త్రీ ఆయన.

"మరి నాటిందెవరు?"

"అదీ నేనే."

పిల్ల ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. "అయితే ఎందుకు నాటారు?"

"ఇక్కడ ఏముందో చూడకుండా నాటాను. వరస తిన్నగా ఉందా లేదా, అదొక్కటే చూశాను. మడుగు ఎండిపోతుంటే తడిగా ఉందని అబద్ధం కూడా పుట్టించాను. ఇంకొంచెం ఆలస్యమైతే మా ఆవిడ చచ్చిపోయేదే." అని ఆ మొద్దు పక్కన కూర్చుని చిగుళ్ళు ఒక్కొక్కటీ విరిచాడు. "ఇవి వారం వారం వస్తాయి. వారం వారం విరవాలి. రండి, తలా ఒక మొద్దు పట్టుకోండి." పిల్లలు కొట్టుకుంటూ పరిగెత్తారు.

సోమవారం పొద్దున్న ఆయన షాపు తెరిచి, భార్య ప్యాంటుకి గీత లాగి, తనది కూడా ఒకటి ఇస్త్రీ చేసుకుని తొడుక్కున్నాడు. రెండు అడుగులు వేశాడో లేదో కాళ్ళకి చల్లగా తగిలింది. సీసా ఒలికిందేమోనని చూశాడు. సీసా అటక మీదే ఉంది. విప్పేసి ఇంకో ప్యాంటు వేసుకున్నాడు, అదీ మూడో ముడి ఎత్తు దాకా తడిసింది. ఆయన ప్యాంటుకి ముడులు లేవు గానీ, ఎంత ఎత్తో ఆయనకి తెలీదా? ఆవిడ వంటగదిలోంచి వచ్చి చూసింది. అటక మీంచి ఇంకో గోనెపట్టా దింపి గడప దగ్గర మొదటి దాని పక్కన పరిచింది.

ఇద్దరూ కలిసి బయల్దేరారు. ఆవిడ లైబ్రరీకి, ఆయన సబ్బు కొనడానికి. సబ్బు ఇంట్లో ఉంది, అయినా బయల్దేరాడు. తొమ్మిదికి ఇరవై నిమిషాలు తక్కువలో మందుల షాపు ముందుకి వచ్చారు. మందులాయన కౌంటరు మీంచి వంగి ఆవిణ్ణి చూసి రాసుకున్నాడు. తర్వాత ఆయన కాళ్ళ వైపు చూసి, కలం మళ్ళీ తెరిచాడు.

"బావగారూ, కాస్త ఆగండి."

జన్మలో ఎక్కడా ఒక్క నిమిషం నిలబడని మనిషి, వీధి మధ్యలో, రెండు కాళ్ళూ దగ్గరపెట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.